జాక్సన్‌విల్ లెక్క

కార్ల పందెంలో ఎవరు గెలిచారో కళ్ళారా చూస్తే తెలిసిపోతుందని, ఎప్పుడూ చూడనివాళ్ళు అనుకుంటారు. అరమైలు మట్టి ట్రాక్ మీద ఇరవై కార్లు గిరగిరా తిరుగుతుంటే పది నిమిషాలు గడిచేసరికి ముందున్నది ఎవరో వెనకబడింది ఎవరో పోల్చుకోవడం ఎవరివల్లా కాదు. పంక్చరయి పిట్‌లో ఆగిన కారు మళ్ళీ ట్రాక్ ఎక్కి అందరికంటే ముందు పరుగెత్తుతున్నట్టు కనిపిస్తుంది, కానీ అప్పటికే అది నాలుగు చుట్లు వెనకబడి ఉంటుంది. గుంపు మధ్యలో నిదానంగా పోతున్నట్టున్న కారు నిజానికి అందరినీ ఒక చుట్టు దాటేసి ఉండవచ్చు. అందుకే అమెరికా స్టాక్ కార్ రేసుల తొలి దశాబ్దాల్లో విజేతను తేల్చింది కాగితం, పెన్సిల్. ఆ పెన్సిల్ ఎవరి చేతిలో ఉంది, రాసిన లెక్క తప్పని తేలినప్పుడు దాన్ని ఎవరి ముందు ఎలా దిద్దారు అన్న ప్రశ్నలు వేసుకుంటే ఆ క్రీడ చరిత్ర కొంచెం వేరుగా కనిపిస్తుంది. ఆ ప్రశ్నలు వేయడానికి 1963 నాటి జాక్సన్‌విల్ పందేన్ని మించిన సందర్భం లేదు.

ఆ ఏడాది డిసెంబర్ 1న, ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో స్పీడ్‌వే పార్క్ అనే మట్టి ట్రాక్ మీద స్టాక్ కార్ పందేలు నిర్వహించే నాస్కార్ సంస్థ 100 మైళ్ళ రేసు నడిపింది. అరమైలు ట్రాక్ కాబట్టి 200 ల్యాప్‌లు. నాస్కార్ పద్ధతిలో అది 1964 సీజన్‌లో మూడో పందెం. ఆ రోజు బరిలో ఉన్న పేర్లు చిన్నవి కావు. రిచర్డ్ పెట్టీ అప్పటికే పైకొస్తున్న కుర్రవాడు. బక్ బేకర్ 1956లోనూ 1957లోనూ ఛాంపియన్. వీళ్ళ మధ్య 34 నంబరు వేసుకుని, నెడ్ జారెట్ అనే మరో డ్రైవర్ దగ్గర కొన్న పాత 1962 షెవర్లే నడుపుతున్నాడు వెండెల్ స్కాట్. ఊరు వర్జీనియాలోని డాన్విల్, వయసు 42. నాస్కార్ పెద్ద సిరీస్‌లో అప్పట్లో క్రమంగా పోటీ చేస్తున్న ఒకే ఒక నల్లజాతి డ్రైవర్ ఆయన. ట్రాక్ గుంతలు పడి కార్లను విరగ్గొడుతోంది. చాలాసేపు ముందున్న పెట్టీ కారు ఇబ్బందిలో పడింది. ఇంకా పాతిక ల్యాప్‌లు ఉన్నాయనగా స్కాట్ అతణ్ణి దాటేశాడు. 200 ల్యాప్‌లు పూర్తి చేశాడు. పందెం ముగిసిందని చెప్పే గళ్ళ జెండా ఊపలేదు. ఇంకో చుట్టు తిరిగాడు, ఇంకోటి కూడా తిరిగాడు. జెండా ఊపినప్పుడు అది బక్ బేకర్ కోసం ఊపారు. బేకర్ విక్టరీ లేన్‌కు వెళ్ళి ట్రోఫీ అందుకున్నాడు. స్కాట్ అభ్యంతరం తెలిపాడు. లెక్కలు మళ్ళీ చూశారు. కొన్ని గంటలకు, స్టాండ్లు ఖాళీ అయ్యాక, గెలిచింది స్కాటేనని, బేకర్ కంటే రెండు ల్యాప్‌లు ముందున్నాడని అధికారులు ఒప్పుకున్నారు. బహుమతి సొమ్ము ఇచ్చారు. ట్రోఫీ అప్పటికి బేకర్‌తో వెళ్ళిపోయింది.

లెక్కల పద్ధతి ఎలా ఉండేదో తెలియకపోతే ఈ కథలో న్యాయాన్యాయాలు తూచలేం. ప్రతి కారుకూ ఒక స్కోరర్ ఉండేవాడు, లేదా ఉండేది. చాలాసార్లు డ్రైవర్ భార్యో, చెల్లెలో, దగ్గరి స్నేహితుడో ఆ పని చేసేవాళ్ళు. స్కోరింగ్ స్టాండ్ మీద వరసగా కూర్చుని, ఎదురుగా ఉన్న పెద్ద గడియారం చూస్తూ, తమ కారు గీత దాటిన ప్రతిసారీ కార్డు మీద ఒక గడిలో టైము వేయాలి. 200 చుట్లయితే 200 గడులు. దుమ్ము లేచి నంబరు కనిపించకపోయినా, తుమ్ము వచ్చి తల తిప్పినా, రెండు కార్లు ఒకదాన్నొకటి రాసుకుని ఒకేసారి దాటినా ఒక గడి ఖాళీగా మిగిలిపోతుంది. రేసు అయ్యాక ఆ కార్డులన్నీ ముఖ్య స్కోరర్ దగ్గరకు చేరతాయి. ఎన్నికల కౌంటింగ్ హాల్లో పార్టీల ఏజెంట్లు బల్ల చుట్టూ మూగినట్టు, మొదటి రెండు మూడు స్థానాలవాళ్ళు ఆయన చుట్టూ మూగేవాళ్ళు. కార్డుకు కార్డు పోల్చి, టైముకు టైము చూసి ఫలితం ఖరారు చేసేవాళ్ళు. జెండా ఊపినప్పుడు ప్రకటించేది తాత్కాలిక ఫలితమే అన్న సంగతి ఆ వృత్తిలో ఉన్న అందరికీ తెలుసు.

దీన్ని పట్టుకుని వెంటనే ఒక వాదన చేయవచ్చు. అంత గజిబిజి పద్ధతిలో తప్పులు మామూలే, స్కాట్ విషయంలోనూ అలాంటిదే జరిగింది, దానికి రంగు పులమడం ఎందుకు అని. ఈ వాదనను తేలిగ్గా తోసిపుచ్చకూడదు, ఎందుకంటే సాక్ష్యం దండిగా ఉంది. నాస్కార్ ప్రధాన సిరీస్‌లో మొట్టమొదటి రేసు, 1949 జూన్ 19న షార్లట్‌లో జరిగినదే, ఫలితం తారుమారైన రేసు. అందరికంటే ముందు వచ్చిన గ్లెన్ డనవే ఫోర్డు కారు వెనక స్ప్రింగులు మామూలు కారువి కావని తనిఖీలో తేలింది. బరువు పడ్డా కారు కుంగకుండా నాటుసారా రవాణా చేసేవాళ్ళు పెట్టించుకునే ఏర్పాటు అది. డనవేను పక్కనపెట్టి, కాన్సస్ నుంచి వచ్చిన జిమ్ రోపర్‌ను విజేతగా ప్రకటించారు. కారు యజమాని హ్యూబర్ట్ వెస్ట్‌మోర్‌ల్యాండ్ 10,000 డాలర్లకు దావా వేశాడు. కోర్టు కొట్టేసింది. ఆ తీర్పుతో పందెం నడిపేవాడి మాటే చివరి మాట అన్న సూత్రం స్థిరపడింది. పదేళ్ళ తర్వాత, 1959 జూన్‌లో అట్లాంటా లేక్‌వుడ్ ట్రాక్ మీద ఇంకా విచిత్రం జరిగింది. రిచర్డ్ పెట్టీ తన జీవితంలో తొలి విజయం అనుకుని సంబరపడుతుంటే, లెక్క తప్పని ఫిర్యాదు చేసినవాడు సొంత తండ్రి లీ పెట్టీ. మళ్ళీ లెక్కించారు. తండ్రే గెలిచాడు. ఆ ఇంట్లో ఆ రాత్రి భోజనాల దగ్గర ఏం మాట్లాడుకున్నారో గాని, ఫలితాన్ని ప్రశ్నించడం ఆ రోజుల్లో ఎవరూ తప్పుపట్టని సంగతి అని మాత్రం దీంతో తెలుస్తుంది.

అన్నిటికంటే పెద్ద ఉదాహరణ అదే ఏడాది ఫిబ్రవరి 22న జరిగింది. నాస్కార్ అధిపతి బిల్ ఫ్రాన్స్ కొత్తగా కట్టించిన రెండున్నర మైళ్ళ డేటోనా స్పీడ్‌వే మీద మొదటి 500 మైళ్ళ రేసు. చివర్లో లీ పెట్టీ ఓల్డ్స్‌మొబైల్, జానీ బోచాంప్ థండర్‌బర్డ్ పక్కపక్కనే గీత దాటాయి. వాటి పక్కన జో వెదర్లీ కారు కూడా ఉంది, అయితే అది ఒక ల్యాప్ వెనక. అధికారులు బోచాంప్ గెలిచాడన్నారు, విక్టరీ లేన్‌కు తీసుకెళ్ళారు. పెట్టీ ఒప్పుకోలేదు. ఫలితం ఇంకా తేలలేదని ఫ్రాన్స్ ప్రకటించి, గీత దగ్గర తీసిన ఫొటోలు, సినిమా రీళ్ళు ఎవరి దగ్గర ఉన్నా పంపమని అడిగాడు. మూడు రోజులు పత్రికలు అదే వార్త రాశాయి. 25వ తేదీ, బుధవారం, పెట్టీయే విజేత అని అధికారికంగా తేల్చారు. ప్రచారం కోసమే సాగదీశారని ఆనాడే గిట్టనివాళ్ళు అన్నారు. సాగదీశారో లేదో గాని, కొత్త స్పీడ్‌వేకు అంత ఖరీదైన ప్రకటన డబ్బు పెట్టినా దొరకదు.

ఈ మూడు ఉదాహరణలూ జాక్సన్‌విల్‌ను మామూలు తప్పుల జాబితాలో కలిపేస్తాయని పైపైన అనిపిస్తుంది. దగ్గరగా చూస్తే వాటి సాక్ష్యం అటు మొగ్గదు. డేటోనాలో తేడా కొన్ని అడుగులు. కంటికి ఆనని తేడా, అందుకే ఫొటోలు కావలసి వచ్చాయి. జాక్సన్‌విల్‌లో తేడా రెండు ల్యాప్‌లు, అంటే ఒక మైలు. అరమైలు ట్రాక్ మీద రెండు ల్యాప్‌లు ముందున్నవాడంటే రెండోవాణ్ణి కళ్ళముందే రెండుసార్లు దాటినవాడు. అంత తేడా పొరపాటున కనిపించకుండా పోవడం అసాధ్యమని అనను. ఒక కార్డులో గడులు తప్పితే అలాంటివి జరుగుతాయి. అయితే డేటోనాలో అనుమానం రాగానే అధికారులు ఫలితాన్ని బహిరంగంగా ఆపారు. తెలియదని జనానికి చెప్పారు, ఆధారాలు తెప్పించారు, తేలాక లోకమంతా వినేలా చెప్పారు. జాక్సన్‌విల్‌లో అభ్యంతరం వచ్చాక కూడా బేకర్ గెలుపును అలాగే ఉంచారు. జనం వెళ్ళాక తప్పు దిద్దారు. తప్పు ఎవరి చేతనైనా జరగవచ్చు. దిద్దుబాటు మాత్రం ఆలోచించి చేసే పని. కాబట్టి ఆనాటి మనుషుల మనసు తెలుసుకోవాలంటే లెక్కించిన పద్ధతిని వదిలి దిద్దిన పద్ధతిని చూడాలన్నది నా వాదన. జెండా పట్టుకున్న మనిషి బుర్రలో ఏముందో ఈ రోజు నిరూపించలేం. నా వాదనకు ఆ నిరూపణ అవసరమూ లేదు.

స్కాట్ ఈ రంగంలోకి ఎలా వచ్చాడో చూస్తే ఆ దిద్దుబాటు తీరు ఎందుకలా ఉందో కొంత అర్థమవుతుంది. ఆయన యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసిన మెకానిక్. అంతకుముందు టాక్సీ నడిపాడు. తిరిగి వచ్చి సొంత గ్యారేజీ పెట్టుకున్నాడు, పక్కన రాత్రిళ్ళు నాటుసారా చేరవేశాడు. 1952లో డాన్విల్ ట్రాక్ నిర్వాహకులకు టిక్కెట్ల అమ్మకం పెంచే ఉపాయం ఒకటి తట్టింది. నల్లజాతి డ్రైవర్‌ను పందెంలో దింపితే నల్లవాళ్ళూ వస్తారు, వింత చూడ్డానికి తెల్లవాళ్ళూ వస్తారు. ఊళ్ళో బండి బాగా తోలే నల్లవాడు ఎవడని వాళ్ళు వెళ్ళి అడిగింది పోలీసులను! సారా బండ్ల వెంటపడి విసిగిపోయిన పోలీసులు స్కాట్ పేరు చెప్పారు. అంటే ఆ రంగం ఆయనకు తలుపు తీసింది వ్యాపారం కోసం. వ్యాపారం తలుపు తీయడం చిన్న సంగతేమీ కాదు. అప్పటి దక్షిణాదిలో ఆ తలుపు తీసిన సంస్థలు తక్కువ. మొదట్లో కొన్ని చోట్ల ఆయనను గేటు దగ్గరే తిప్పి పంపినా, తర్వాత నాస్కార్ లైసెన్స్ ఇచ్చింది, 1961 నుంచి పెద్ద సిరీస్‌లో పోటీ చేయనిచ్చింది. ఇది నాస్కార్ ఖాతాలో జమ వేయాల్సిందే. కానీ అదే వ్యాపారపు లెక్కకు ఒక గిరి ఉంది. నల్ల డ్రైవర్ పోటీలో ఉంటే టిక్కెట్లు తెగుతాయి. నల్ల డ్రైవర్ గెలిచి, వేల మంది తెల్లవాళ్ళ ఎదుట ట్రోఫీ ఎత్తితే ఏమవుతుందో ఏ నిర్వాహకుడికీ తెలియదు, తెలుసుకునే ధైర్యమూ లేదు. విజేతకు ట్రోఫీతో పాటు అందాల రాణి ముద్దు పెట్టే ఆచారం ఆ రోజుల్లో ఉండేది. తెల్ల యువతి నల్లవాడికి అందరి ముందూ ముద్దు పెట్టే దృశ్యాన్ని తప్పించడానికే ఇలా చేశారని స్కాట్ జీవితాంతం నమ్మాడు.

ఊరు, కాలం కూడా ఆ నమ్మకాన్ని బలపరుస్తాయి. జాక్సన్‌విల్‌లో 1960 ఆగస్టు 27న, లంచ్ కౌంటర్ల దగ్గర శాంతియుతంగా కూర్చుని నిరసన తెలిపిన నల్లజాతి యువకుల మీద గొడ్డలి కర్రలతో విరుచుకుపడ్డారు. ఆ రోజుకు గొడ్డలి కర్రల శనివారం అన్న పేరు నిలిచిపోయింది. అక్కడికి దగ్గర్లోని సెయింట్ అగస్టీన్‌లో 1963లో పౌరహక్కుల ఉద్యమం వేడెక్కుతోంది. వాషింగ్టన్ మహా ప్రదర్శన జరిగి మూడు నెలలు. కెనడీ హత్య జరిగి తొమ్మిది రోజులు. అలాంటి సమయంలో నిర్వాహకులు గొడవ జరుగుతుందని భయపడి ఉంటారు, జనం వెళ్ళేదాకా ఆగడం ముందుచూపే, స్కాట్ ప్రాణం కాపాడిన పనే అని వాళ్ళ తరఫున వాదించవచ్చు. వినడానికి సబబుగానే ఉంది. కానీ ఈ వాదన చేసేవాళ్ళు గమనించని చిక్కు ఒకటుంది. భయపడి ఆగారంటే, ఆగేనాటికి అసలు విజేత ఎవరో వాళ్ళకు తెలుసన్నమాట. అప్పుడు లెక్కల్లో పొరపాటు అన్న మొదటి వాదన కూలిపోతుంది. రెండు వాదనల్లో ఒకటి ఎంచుకోవాలి, రెండూ కలిపి వాడుకోవడం కుదరదు. ఇక ముందుచూపే అయితే, జనం వెళ్ళిపోయాక వచ్చే వారం మరో ట్రాక్ మీదైనా పిలిచి గౌరవించడానికి అడ్డేముంది? జరిగిందేమిటంటే, కొంతకాలం తర్వాత చెక్కతో చేసిన, పేరు కూడా చెక్కని ఒక చవకబారు ట్రోఫీ ఆయన చేతికొచ్చింది.

రికార్డు పుస్తకంలో గెలుపు రాశారు కదా, డబ్బు ఇచ్చారు కదా, లోహపు కప్పు ఒకటి లేకపోతే కొంపలంటుకున్నాయా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. ఆ కాలపు రేసుల ఆర్థికం తెలియక అడిగే ప్రశ్న ఇది. 1960లలో ముందు వరసలో ఉన్న డ్రైవర్లను కార్ల కంపెనీలు పోషించేవి. ఫోర్డు, క్రైస్లర్ లాంటి సంస్థల ఇంజిన్లు, విడిభాగాలు, డబ్బు వాళ్ళకు అందేవి. మిగిలినవాళ్ళు సొంత జేబుతో లాక్కొచ్చే స్వతంత్ర డ్రైవర్లు. స్కాట్ రెండో రకం. సెకండ్‌హ్యాండ్ కారు, వేరేవాళ్ళు వాడి పడేసిన టైర్లు, మెకానిక్కులుగా సొంత కొడుకులు. అలాంటి మనిషి పైమెట్టు ఎక్కాలంటే ఉన్న దారి ఒక్కటే. గెలిచిన ఫొటో పత్రికలో పడాలి, దాన్ని చూసి కంపెనీవాడో స్పాన్సరో పిలవాలి. గళ్ళ జెండా, విక్టరీ లేన్, ట్రోఫీ, ఫొటో, మర్నాటి పేపరు అన్నీ ఒకే గొలుసు. ఆ గొలుసు తొలి లంకె దగ్గరే తెంచారు. రికార్డు పుస్తకం ఎవరు చదువుతారు? వెయ్యి డాలర్లో అంతకు కాస్త ఎక్కువో వచ్చిన సొమ్ము తర్వాతి రేసుల టైర్లకూ పెట్రోలుకూ చాలేది. గెలుపుతో వచ్చే పేరు చాలా దూరం తీసుకెళ్ళేది, దానికి ఖరీదు కట్టలేం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. పేద డ్రైవర్ల బతుకు తెల్లవాళ్ళకూ అంతే కదా? జె.డి. మెక్‌డఫీ అనే తెల్ల డ్రైవర్ 653 రేసుల్లో పోటీ చేసి ఒక్కటీ గెలవలేదు. అతని వెనకా ఏ కంపెనీ నిలబడలేదు. స్కాట్ 495 రేసుల్లో ఒకటైనా గెలిచాడు. కాబట్టి ఇదంతా డబ్బు కథ, రంగు కథ కాదు అనేవాళ్ళున్నారు. డబ్బు పాత్రను నేను తగ్గించి చెప్పను. స్కాట్ గెలవకపోవడానికి చాలా రోజుల్లో కారణం పాత ఇంజినే. కానీ పేదరికం మెక్‌డఫీని పిట్‌లో వెనక్కి నెట్టింది తప్ప ఏ ట్రాక్ గేటు దగ్గరా ఆపలేదు. దక్షిణాదిలో పేరుమోసిన డార్లింగ్‌టన్ ట్రాక్ స్కాట్ ఎంట్రీని 1965 దాకా ఒప్పుకోలేదు. అప్పటికి ఆయన నాస్కార్ పెద్ద సిరీస్‌లో అడుగుపెట్టి నాలుగేళ్ళు దాటింది. పాయింట్ల పట్టికలో పైకి రావాలంటే పెద్ద రేసుల్లో పాల్గొనాలి, పెద్ద రేసు ఆడనివ్వరు. ఇన్ని అడ్డంకుల మధ్య 147 సార్లు మొదటి పది స్థానాల్లో ముగించాడు. 1966లో మొత్తం సీజన్ పట్టికలో ఆరో స్థానం. ఇది చేయి తిరిగిన డ్రైవర్ లెక్క.

ఇంకో సంగతి చెప్పకపోతే బొమ్మ పూర్తికాదు. నాస్కార్ ప్రజల సంస్థ కాదు, ఆటగాళ్ళ సంఘమూ కాదు. 1947 చివర్లో డేటోనా బీచ్‌లోని ఒక హోటల్లో జరిగిన సమావేశాల నుంచి పుట్టి, 1948లో రిజిస్టరై, బిల్ ఫ్రాన్స్ కుటుంబం చేతిలో నడిచిన ప్రైవేటు వ్యాపారం. నిబంధనలు ఆయనవే, తనిఖీ ఆయన మనుషులదే, డేటోనా ట్రాక్ కూడా ఆయన కంపెనీదే. 1949 నాటి కోర్టు తీర్పు తర్వాత ఫలితం మీద పైన అప్పీలు చేసుకునే చోటు ఆచరణలో లేకుండా పోయింది. జాతివివక్షను బాహాటంగా సమర్థించి రాజకీయంగా ఎదిగిన అలబామా గవర్నర్ జార్జ్ వాలెస్‌కు 1972లో ఫ్లోరిడాలో ప్రచార సారథి ఇదే బిల్ ఫ్రాన్స్. అలాగని స్కాట్‌కు లైసెన్స్ ఇచ్చిన సంస్థ కూడా ఆయనదే. రెండూ నిజాలే. వ్యాపారి లెక్కకు రెండూ సరిపోతాయి. అలాంటి మనిషి చేతిలో న్యాయం, కరుణ ఉన్నాయా లేదా అన్న ప్రశ్న కంటే, తప్పు జరిగినప్పుడు ఫిర్యాదుదారు ఎవరి దగ్గరికి వెళ్ళాలి అన్న ప్రశ్న ముఖ్యం. 1959లో లీ పెట్టీ ఫ్రాన్స్ దగ్గరికే వెళ్ళాడు, మూడు రోజుల్లో న్యాయం దొరికింది. 1963లో స్కాట్ వెళ్ళిందీ అదే సంస్థ దగ్గరికి.

1973లో టాలడీగాలో జరిగిన పెద్ద ప్రమాదంలో స్కాట్ తీవ్రంగా గాయపడ్డాడు. ఆ ఏడాదితోనే ఆయన రేసుల జీవితం ముగిసింది. ఆ తర్వాత హాలీవుడ్ ఆయన కథను సినిమాగా తీసింది, 1977లో రిచర్డ్ ప్రయర్ ఆయన పాత్ర వేశాడు. 1990 డిసెంబర్‌లో స్కాట్ చనిపోయాడు. 2010లో జాక్సన్‌విల్‌లోని స్థానిక సంస్థ ఒకటి ఆయన కుటుంబానికి ట్రోఫీ నమూనా ఇచ్చింది. 2015లో నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేరింది. నాస్కార్ తానుగా, బహిరంగంగా, డేటోనా ట్రాక్ మీద ఆ గెలుపుకు ట్రోఫీ అందించింది 2021 ఆగస్టు 28న. అది ఆయన శతజయంతికి ఒక్క రోజు ముందు, గెలిచిన 58వ ఏట. ఇంత ఆలస్యంగా ఇస్తే ఏం లాభం అని పెదవి విరిచినవాళ్ళు ఉన్నారు, స్కాట్ పోగొట్టుకున్న స్పాన్సర్లను ఆ ట్రోఫీ వెనక్కి తేలేదన్నది నిజమే. అయినా 1963లో చేయకుండా వదిలేసిన పని, అంటే జనం చూస్తుండగా దిద్దడం, ఆ రోజు జరిగింది. అక్కడికి అయిదు వారాల తర్వాత, అక్టోబర్ 4న, టాలడీగాలో వాన పడి రేసు 188 ల్యాప్‌లకు గాను 117 దగ్గర ఆగిపోయింది. అప్పటికి ముందున్న బబ్బా వాలెస్‌ను విజేతగా ప్రకటించారు. అది కూడా ట్రాక్ మీద కాక అధికారుల నిర్ణయంతో తేలిన ఫలితమే. స్కాట్ తర్వాత ఆ సిరీస్‌లో గెలిచిన రెండో నల్లజాతి డ్రైవర్ వాలెస్. ఆయన ట్రోఫీ ఆయనకు ఆ రోజే అందింది.